తైవాన్ చిరుతిళ్ళు: చిన్న హోటల్లో మొదటిసారి ఏవి అడగాలి, ఎలా తినాలి?

ప్రశ్న: కృష్ణాతీరం (కూపర్టినో)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని కూపర్టినోలో కాపురం పెట్టి ఆరేళ్ళయినా, మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న తైవాన్ వారి చిన్న హోటల్లోకి మేము అడుగు పెట్టింది మొన్న శనివారమే. పది బల్లలకు మించని చోటు అది. గోడ మీద బొమ్మల పట్టిక, గల్లాపెట్టె దగ్గర పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇవ్వవలసిన పొడుగాటి కాగితం, తెచ్చి ఇవ్వడానికి ఒక్క మనిషి. అక్కడ దొరికేవన్నీ తైవాన్ రాత్రి బజార్లలో బండ్ల మీద అమ్మే పదార్థాలేనని మా ఆఫీసులో పనిచేసే తైపే మిత్రుడు చాలాకాలంగా చెబుతూ వచ్చాడు కనుక, ఎంతో ఉత్సాహంతో వెళ్ళాము.

ఉన్నమాట చెప్పాలంటే ఆ పూట సరిగా జరగలేదు, తప్పు చాలావరకు మాదే. భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని ఒకేసారి ఏడు రకాలకు గుర్తులు పెట్టాము. ఏడూ పది నిమిషాల్లో బల్ల మీదికి వచ్చేశాయి. ఒకటి రుచి చూసి రెండోదాని మీద చెయ్యి వేసేలోపు వేయించినవన్నీ చల్లారి మెత్తబడ్డాయి. వాటిలో ఆలిచిప్పల అట్టు ఒకటి. గుడ్డుకూ ఆలిచిప్పల మాంసానికీ నడుమ ఏదో గాజులా మెరుస్తూ, జిగురుగా సాగుతూ ఉంటే, పిండి ఉడకలేదనుకుని వెనక్కి పంపాను. వారు మారుమాట లేకుండా ఇంకొకటి వేసి తెచ్చారు. అదీ అచ్చం అలాగే ఉంది. అది ఉండవలసిన తీరే అదని అప్పటికి గానీ నాకు తట్టలేదు. సిగ్గుతో తల వంచుకుని తిన్నాను. పైన పోసిన ఎర్రటి రసం కారంగా ఉంటుందని ఆశపడితే, అది తియ్యగా ఉంది.

మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఆవిడకు ఆ పూట ఉల్లికాడల రొట్టె ఒక్కటే దక్కింది. నేను కోడి, చేప, రొయ్య తింటాను, పంది మాంసం అప్పుడప్పుడు తింటాను, గొడ్డుమాంసం తినను. ఎనిమిదేళ్ళ అమ్మాయి ఉంది, దానికి కొత్తదేదైనా ముందు కరకరలాడాలి. మా మిత్రుణ్ణి ఏది బాగుంటుందని అడిగితే “అన్నీ బాగుంటాయి” అన్నాడు. బెజవాడ వాణ్ణి పునుగుల బండి దగ్గర నిలబెట్టి అడిగినా అదే సమాధానం వస్తుంది కనుక అతన్ని తప్పుపట్టలేను.

మళ్ళీ ఒకసారి వెళ్ళి ఆ హోటలు వారి దగ్గర పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలని ఉంది. వేటితో మొదలుపెట్టాలో, ఏ వరుసలో తెప్పించుకోవాలో, శాకాహారమని అక్కడివారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు: షిన్చూగాలి

కృష్ణాతీరం గారికి, నేను తైవాన్‌లోని షిన్చూలో నాలుగేళ్ళు చదువుకున్నాను. 1980లో అక్కడ సైన్స్ పార్కు పెట్టినప్పటి నుంచీ అది చిప్పుల తయారీకి పేరుపడ్డ ఊరు, మీ కూపర్టినోకు సోదర నగరం కూడా. కాబట్టి మీ వీధి చివర ఆ హోటలు ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు.

ముందుగా ఒక మాట సంగతి చెబుతాను, దానితో సగం చిక్కు విడిపోతుంది. మీరు తిన్న పదార్థాలను వారు ‘షియావ్‌చీ’ అంటారు. షియావ్ అంటే చిన్నది, చీ అంటే తినడం. మన ‘చిరుతిండి’ అనే మాటను ఎవరో అక్షరం పొల్లుపోకుండా అటు మోసుకుపోయినట్టుంటుంది. మనం మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి బజ్జీలు, పునుగులు, గారెలు, పకోడీలు ఒకేసారి పళ్ళెం నిండా వేయించుకుని ఇంటికి తీసుకుపోయి భోజనంలా తింటే ఏమవుతుందో, మీకు శనివారం అదే అయింది. రాత్రి బజారులో మనిషి ఒక బండి దగ్గర ఒకటి కొని, నడుస్తూ తిని, ఇంకో బండి దగ్గర ఆగుతాడు. చిన్న హోటల్లో ఆ నడక ఉండదు కాబట్టి దాన్ని మనమే కల్పించుకోవాలి. ఒకసారి రెండే రకాలు అడగండి, అవి పూర్తయ్యాక మళ్ళీ కాగితం అడిగి తీసుకోండి. అక్కడ ఎవరూ విసుక్కోరు.

రెండో సంగతి, మీరు వెనక్కి పంపిన అట్టు. ఆ జిగురు చిలగడదుంప పిండిది. నీళ్ళలో కలిపి పెనం మీద పోస్తే అది గాజులా మారి సాగుతుంది. దాని మీద చిన్న ఆలిచిప్పల మాంసం, గుడ్డు, కాస్త ఆకుకూర వేసి తిప్పుతారు. తైవాన్ వారికి నాలుక ఎంత ముఖ్యమో పన్ను కూడా అంతే ముఖ్యం. పంటి కింద పడి తిరిగి లేచే ఆ గుణాన్ని వారు ‘క్యూ’ అంటారు, మరీ బాగుంటే ‘క్యూక్యూ’ అంటారు. కారం, పులుపు ఎంత ఉన్నాయని మనం ముందుగా చూసినట్టే వారు క్యూ ఎంత ఉందని చూస్తారు. మన పాలతాలికలు నమిలేటప్పుడు పంటికి తగిలే తీరును గుర్తు చేసుకుని ఆ అట్టును ఇంకోసారి తినండి. అప్పటికీ నచ్చకపోతే అది నిజంగా నచ్చకపోవడమే. నాకైతే ఏడాది పట్టింది.

ఇక వరుస. మొదటి విడతగా ‘యెన్‌సూజీ’ అడగండి. చిన్న కోడిమాంసం ముక్కలను సోయా రసం, వెల్లుల్లి, అయిదు దినుసుల పొడిలో నానబెట్టి, బరకగా ఉండే చిలగడదుంప పిండి పట్టించి వేయిస్తారు. ఆ అయిదు దినుసుల్లో సోంపు, దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు ఉంటాయి కాబట్టి, సిచువాన్ మిరియం ఒక్కటి తప్ప, వాసన మనకు చుట్టరికంలాగే తోస్తుంది. నూనె నుంచి తీసే ముందు గుప్పెడు తులసిజాతి ఆకులు వేస్తారు. ఆ ఆకును వారు తొమ్మిది అంతస్తుల గోపురం అని పిలుస్తారు. మన కోడి వేపుడులో కరివేపాకు చేసే పనే అది అక్కడ చేస్తుంది. చివర తెల్లమిరియాల పొడి, ఉప్పు చల్లుతారు. కారం వేయమంటారా అని అడిగితే వేయమనండి, మొహమాటపడకండి. మీ అమ్మాయికి కరకరలాడేది కావాలన్నారు కదా, ఆ పిల్ల మరేదీ అడగదు.

దానితోపాటు ‘గ్వాబావ్’ ఒకటి. ఆవిరి మీద ఉడికించిన తెల్లటి మెత్తని రొట్టెను మడిచి, మధ్యలో చాలాసేపు ఉడికిన పంది పొట్టమాంసం, ఊరబెట్టిన ఆవాకు, పంచదార కలిపిన వేరుశనగ పొడి, కొత్తిమీర పెడతారు. తెరిచిన నోటిలాంటి రొట్టెలో మాంసం ఉంటుంది కనుక ‘పులి పందిని కరిచింది’ అని దానికి ముద్దుపేరు. వేరుశనగ పొడి మాంసంతో కలుస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు, ఇప్పుడు ఇంట్లో పొడి మిగిలినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

మిరియాల రొట్టె దొరికితే మాత్రం వదలకండి. తైపేలో రావ్‌హె వీధి రాత్రి బజారు మొదట్లో, ఒక గుడి పక్కన, దీని కోసం బారులు తీరి నిలబడతారు. 2018లో తైపేకు, మంచి హోటళ్ళను ఎంచి చెప్పే మిషెలిన్ వారి మొదటి పుస్తకం వచ్చినప్పుడు తక్కువ ధర రుచుల జాబితాలో ఆ బండికి కూడా చోటు దొరికింది. పంది మాంసం, మిరియాలు, ఉల్లికాడలు కూరిన పిండి ముద్దలను గుండ్రటి మట్టి పొయ్యి లోపలి గోడలకు అతికించి కాలుస్తారు. అచ్చంగా మన తందూరీ పొయ్యే. మూలం చైనాలోని ఫూచౌ అంటారు. అయితే ఆ పొయ్యి చిన్న హోటళ్ళలో ఉండదు. ఓవెన్‌లో కాల్చినదానికి అడుగున ఆ మాడు పెళుసు రాదు, కనుక ముందు అడిగి తెలుసుకోండి.

పంది మాంసం తినే రోజున, సన్నగా తరిగి సోయాలో ఉడికించి అన్నం మీద పోసే ‘లూరౌఫాన్’ చిన్న గిన్నెడు తీసుకోండి. వారికి అది మన ముద్దపప్పు అన్నంలాంటిది, గొప్పగా చెప్పుకోరు గానీ అది లేకపోతే రోజు గడవదు. ‘దాన్‌జాయ్’ నూడుల్స్ కనిపిస్తే ఆ పేరు కోసమైనా తినండి. దాన్‌జాయ్ అంటే కావడి. తైనాన్‌లో తుపానుల కాలంలో సముద్రం మీదికి పోలేని ఒక జాలరి, కావడి భుజాన వేసుకుని రొయ్యల చారుతో చిన్న గిన్నెల నూడుల్స్ అమ్మడం మొదలుపెట్టాడు. 1895 నుంచి ఆ కుటుంబం అంగడి నడుస్తూనే ఉంది. గిన్నె చిన్నదేమిటి, ఇంత డబ్బు తీసుకున్నారేమిటి అనుకోకండి. వేటలేని నెలల్లో పుట్టిన చిరుతిండి అది, కడుపు నింపడం దాని పని కాదు.

మా షిన్చూ వస్తువు ఒకటి చెప్పకపోతే ఉన్న ఊరికి ద్రోహం చేసినవాణ్ణవుతాను. అక్కడ గాలి విపరీతం. ఆ గాలికే సన్నటి బియ్యపు సేమ్యాలను తడికెల మీద ఆరబెడతారు. 1748లో కట్టిన నగరదేవత గుడి చుట్టూ, గోడకు ఆనుకుని ఉన్న అంగళ్ళలో ఆ సేమ్యాలను వేయించి పెడతారు. మీ హోటల్లో ‘మీఫెన్’ అని రాసి ఉంటే అదే.

జవాబు: కార్తీకదీపం

శాకాహారం సంగతి నేను రాస్తాను, ఎందుకంటే షిన్చూగాలి గారు ఇంత రాసి ఆవిడ గారి పళ్ళెంలో ఏమీ పెట్టలేదు. మావారి ఉద్యోగం వల్ల తైపేలో రెండేళ్ళు ఉన్నాను, ఆ రెండేళ్ళూ మాంసం, గుడ్డు లేకుండానే హాయిగా గడిపాను.

గుర్తుంచుకోవలసిన మాట ఒకే అక్షరం: ‘సూ’. ‘వో చీ సూ’ అంటే నేను శాకాహారం తింటాను అని అర్థం. తైవాన్‌లో బౌద్ధం వల్ల, ఈగ్వాన్‌దావ్ అనే మత సంప్రదాయం వల్ల శాకాహారులు చాలామంది ఉన్నారు. శాకాహార భోజనశాలల గుమ్మం మీద మన స్వస్తిక్ గుర్తు కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని చూసి ఎవరో మార్వాడీల కొట్టు అనుకుని లోపలికి వెళ్ళినదాన్ని నేనే. అయితే వారి సూ, మన శాకాహారం పూర్తిగా ఒకటి కావు. నిష్ఠగా పాటించేవారు ఉల్లి, వెల్లుల్లి, వాటి జాతి కాడలు కూడా తినరు. వాటిని అయిదు ఘాటు కూరలని లెక్కపెడతారు. కార్తీకమాసంలో మా అత్తగారి వంటిల్లు ఎలా ఉంటుందో అక్కడ కొందరి ఇళ్ళు ఏడాది పొడుగునా అలా ఉంటాయి. అందుకే ఆ దేశంలో పొట్లాల మీద శాకాహారాన్ని అయిదు రకాలుగా విడదీసి రాస్తారు: ఏదీ కలవనిది, గుడ్డు కలిసినది, పాలు కలిసినవి, రెండూ కలిసినది, ఉల్లి వెల్లుల్లి కలిసినది. మీ ఆవిడ తిన్న ఉల్లికాడల రొట్టె వారి లెక్కలో ఈ చివరి రకం. అదైనా పంది కొవ్వు రాసి ఒత్తి ఉండకపోతేనే. కొన్నిచోట్ల పొరలు విడివిడిగా రావడానికి కొవ్వు రాస్తారు కాబట్టి అడగడం మంచిది.

అమెరికాలోని చిన్న హోటళ్ళలో ఇబ్బంది ఇంకో విధంగా వస్తుంది. కాగితం మీద ఆకు బొమ్మ వేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. మాంసం ముక్క లేకపోతే చాలు శాకాహారమే అనుకునేవారు ఉంటారు, చారు మాత్రం ఎముకలతో కాచినదే. ముఖ్యంగా ‘లూవెయ్’ అని సోయా, దినుసుల రసంలో ఉడికించిన సోయా పన్నీరు (టోఫు), సముద్రపు పాచి, పుట్టగొడుగులు పళ్ళెంలో అందంగా కనిపిస్తాయి. అదే కుండలో అంతకు ముందు బాతు మెడలు, పంది చెవులు ఉడికి ఉంటాయి. ఆకుకూర వేపుడు మీద పోసే ముదురు రసం ఆలిచిప్పల నుంచి తీసినది కావచ్చు. పుట్టగొడుగులతో చేసిన రసం కూడా ఉంటుంది, దానితో చేయమని అడగవచ్చు. మూడు ప్రశ్నలు చాలు: చారు దేనితో కాచారు, నూనె విడిగా ఉందా, పైన పోసేది ఏమిటి.

నిశ్చింతగా మొదలుపెట్టదగినది చిలగడదుంప ఉండలు. ఉడికించిన దుంపలో కర్రపెండలం పిండి, పంచదార కలిపి చిన్న ఉండలు చేసి నూనెలో వేస్తారు. తేలిన ఉండలను జల్లిగరిటెతో మూకుడు గోడకేసి నొక్కి వదులుతూ ఉంటారు, నొక్కిన ప్రతిసారీ అవి కొంచెం ఉబ్బుతాయి. చివరకు పైన పెళుసుగా, లోపల గుల్లగా, పూర్ణం లేని పూర్ణంబూరెలా తయారవుతాయి. నేను ఇంట్లో మూడుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు ఉబ్బలేదు, మూడోసారి ఒకటి పేలి నూనె చిందింది. కొనుక్కోవడమే మేలు.

తర్వాత ‘దోహ్వా’. సోయా పాలు తోడుకున్నట్టు చేసిన మెత్తని గడ్డ మీద పలచని పాకం, ఉడికిన వేరుశనగ గింజలు వేసి ఇస్తారు. చలికాలంలో అల్లం పాకంతో వేడిగా కూడా ఉంటుంది. చెంచా దిగేటప్పుడు జున్ను గుర్తొస్తుంది, నోట్లో పెట్టుకుంటే జున్ను కాదని తెలుస్తుంది, అయినా రెండో చెంచా ఆగదు. వేరుశనగ అచ్చును చిత్రిక పట్టినట్టు గీకి, పల్చటి పిండి రేకులో ఐస్‌క్రీమ్‌తోపాటు చుట్టి, మధ్యలో కొత్తిమీర వేసే చుట్ట ఒకటి ఉంది. ఐస్‌క్రీమ్‌లో గుడ్డు ఉందేమో అడిగి తినండి. కొత్తిమీర తీసేయమని మాత్రం అనకండి, అదే దాని ప్రాణం.

ఇక పులియబెట్టి ఘాటు వాసన తెప్పించే కంపు సోయా పన్నీరు సంగతి: మీ ఆవిడకు వద్దు. మీరు కూడా మొదటిసారే దాని జోలికి పోకండి.

మళ్ళీ అడుగుతున్నాను: కృష్ణాతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. చిరుతిండి అనే మాట చూశాక ఆ శనివారం మొత్తం నా కళ్ళ ముందు వేరే విధంగా తిరిగింది. రెండు అనుమానాలు మిగిలాయి. ఆ కంపు పన్నీరు నిజంగా అంత దారుణమా? రెండోది, గోడ మీద అన్నిటికన్నా పెద్ద బొమ్మ బీఫ్ నూడుల్స్‌దే ఉంది. తైవాన్ తిండి అంటే అదేనని అందరూ అంటున్నారు. అది తినకపోతే అసలైనదాన్ని వదిలేసినట్టేనా?

జవాబు: పాతబజారు

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: కానే కాదు. పైగా తైవాన్ పల్లెల్లో పాతతరం రైతు కుటుంబాలు చాలావరకు గొడ్డుమాంసం ముట్టేవి కావు. పొలం దున్నిన పశువును తినకూడదని వారి పట్టింపు. మన పల్లెల్లో ఏరువాక నాడు ఎడ్లకు పసుపు కుంకుమలు పెట్టే రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. ఇప్పటికీ ఆ పట్టింపు ఉన్న పెద్దలు అక్కడ ఉన్నారు కనుక, మీరు బీఫ్ తిననంటే తైవాన్ మనిషి ఎవరూ వింతగా చూడరు. మా అమ్మమ్మ కూడా తినేది కాదు అని చెప్పేవారే నాకు ఎక్కువగా తగిలారు.

మరి ఆ గిన్నె గోడ మీదికి ఎలా ఎక్కింది? 1949లో చైనాలో ఓడిపోయిన చియాంగ్ కై షేక్ ప్రభుత్వంతోపాటు సైనికులు, వారి కుటుంబాలు లక్షల్లో తైవాన్‌కు వచ్చారు. వారిలో నానా ప్రాంతాలవారూ ఉన్నారు. తైవాన్ దక్షిణాన గాంగ్‌షాన్‌లో స్థిరపడిన, చైనాలోని సిచువాన్ ప్రాంతపు కుటుంబాలు తమ ఊరి పద్ధతిలో బొబ్బర్ల వంటి గింజలను మిరపకాయలతో పులియబెట్టి కారపు ముద్ద చేశాయి. తర్వాత అమెరికా సహాయం కింద 1965 వరకు వచ్చిన గోధుమలతో నూడుల్స్ చవకయ్యాయి. ఈ మూడూ ఒక గిన్నెలో కలిశాయి. సిచువాన్ పద్ధతి అని పేరు పెట్టుకున్న ఆ గిన్నె తైవాన్‌లోనే పుట్టిందని ఎక్కువమంది చరిత్ర తెలిసినవారు అంటారు. అంటే అది శరణార్థి శిబిరాల వంట. లూరౌఫాన్, ఆలిచిప్పల అట్టు ఆ ద్వీపంలో అంతకు ముందు నుంచీ ఉన్న, చైనాలోని ఫూజియన్ ప్రాంతపు మూలాల వారివి. ఉడికించిన చేపముద్దల ‘తియెన్‌బులా’ 1895 నుంచి 1945 వరకు పాలించిన జపాన్ వారు వదిలి వెళ్ళినది. మీ ముందున్న కాగితం మీద వరుసగా రాసి ఉన్నది ఆ ద్వీపానికి ఎవరెవరు వచ్చారన్న జాబితాయే. ఒకటి వదిలేస్తే మిగతావి అబద్ధాలు కావు.

ఇక కంపు పన్నీరు. ఇక్కడ కార్తీకదీపం గారితో నాకు కొంత పేచీ ఉంది. ఆవిడకు వద్దన్నది సరే, ఎందుకంటే ఆ పన్నీరును ఊరబెట్టే ఉప్పునీటిలో కూరగాయలే కాక, చాలాచోట్ల ఎండురొయ్యలో మాంసమో వేసి నెలల తరబడి పులియబెడతారు. కానీ మీరు ఎందుకు భయపడాలి? చేపల ఎండుబెట్టు పక్కన పెరిగినవారు, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోగలిగినవారు, గోంగూర పచ్చడిలో ఎండురొయ్యలు కలుపుకునేవారు వాసనకు వెనకాడటం బాగుండదు. వేయించినది అడగండి, ఉడికించినది కాదు. పైన కరకర, లోపల గుల్ల, పక్కన తియ్యగా పుల్లగా ఊరిన క్యాబేజీ. ముక్క మధ్యలో చిన్న గుంట చేసి వెల్లుల్లి రసం పోస్తారు. వాసన బయట ఎంత ఉంటుందో నోట్లో అంత ఉండదు. క్యాబేజీ లేకుండా ఒట్టి పన్నీరు తిని బాగాలేదనేవారు ఆవకాయ ఊటను అన్నం లేకుండా నాకి బాగాలేదనేవారితో సమానం.

జవాబు: సామర్లకోట

తిండి గురించి అందరూ చెప్పారు, తాగేదాని గురించి ఎవరూ చెప్పలేదు. ముత్యాల టీ అడుగుతారు కదా, ఆ నల్లటి గుండ్లు మనకు పరాయివి కావు. అవి కర్రపెండలం పిండివి, అంటే సగ్గుబియ్యానికి సొంత అన్నదమ్ములు. మా సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల ఆవరణల్లో పిండి ఆరబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, శాన్ హోసేలో మొదటిసారి ఆ గుండ్లను స్ట్రాతో పీల్చినప్పుడు నవ్వు ఆగలేదు. నల్ల రంగు చాలాచోట్ల ముదురు బెల్లంలాంటి పంచదార పాకం వల్ల వస్తుంది. షిన్చూగాలి గారు చెప్పిన క్యూ గుణానికి ఇంతకంటే సులువైన పాఠం లేదు. మీ అమ్మాయికి దీనితో నేర్పి, తర్వాత ఆలిచిప్పల అట్టు మీరు తినండి.

దీన్ని 1980లలో ఎవరు కనిపెట్టారన్న దాని మీద తైచుంగ్‌లోని ఒక టీ అంగడికీ తైనాన్‌లోని ఇంకో టీ అంగడికీ పదేళ్ళు కోర్టులో వ్యాజ్యం నడిచింది. ఎవరైనా చేసుకోగల పానీయానికి కర్త ఎవరో తేల్చనక్కర లేదని 2019లో ముగిసిపోయింది. పూతరేకులకు మాకంటే ముందు మేమంటూ అలాంటి వ్యాజ్యం ఎవరూ వేయనందుకు ఆత్రేయపురం వారిని మెచ్చుకోవాలి.

ఆచరణకు సంబంధించిన మాటలు రెండే. తీపి సగమో, పావు కంటే కాస్త ఎక్కువో చాలని చెప్పండి, అలా అడగడం అక్కడ మామూలే. నిండు తీపి అడిగితే వేయించిన పదార్థాల రుచి నాలుకకు తెలియదు. గుండ్లు ఉడికిన కొన్ని గంటల్లోనే గట్టిపడతాయి కనుక, రాత్రి మూసే వేళకు వెళ్ళి తాగి నచ్చలేదనకండి.

మళ్ళీ వెళ్ళి వచ్చాక: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నిన్న మంగళవారం సాయంత్రం అయిదున్నరకే, రద్దీ మొదలవకముందే వెళ్ళాము. మీరు చెప్పినట్టే మూడు విడతలుగా, విడతకు రెండేసి తెప్పించుకున్నాము. గల్లాపెట్టె దగ్గర ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టారు. ఆలిచిప్పల అట్టుకు నేను మళ్ళీ గుర్తు పెట్టడం చూసి, ఇది మెత్తగానే ఉంటుంది అని ముందే హెచ్చరించారు. తెలుసునండీ, క్యూ అన్నాను. ఆయన మొహం విప్పారింది గానీ, నా ఉచ్చారణకో నా ధైర్యానికో తెలియదు.

మొదటి విడతలో యెన్‌సూజీ, చిలగడదుంప ఉండలు వచ్చాయి. ఉండలు విడి మూకుడులో వేస్తారని అడిగి నిర్ధారించుకున్నాము. అమ్మాయి కోడి ముక్కలను వదిలేసి వాటితోపాటు వేగిన ఆకులనే ఏరుకుని తినడం మాకు కొత్త. ఉండలను మా ఆవిడ చేతితో నొక్కి, లోపల గాలి తప్ప ఏమీ లేదని నిర్ధారించుకుని, ఇంకో పళ్ళెం చెప్పింది. రెండో విడతలో అట్టు, దానితోపాటు మా ఆవిడ కోసం సేమ్యాలు. చారు ఎముకలతో కాచినదని పెద్దాయన దాచకుండా చెప్పి, చారు బదులు నీళ్ళు చల్లి, పుట్టగొడుగుల రసంతో వేయించి ఇస్తామన్నారు. అలాగే ఇచ్చారు. ఉప్పు తక్కువైంది, కానీ ఆవిడ ఆనందం అందులో లేదు, అడిగితే ఒక పద్ధతి దొరికిందన్న దానిలో ఉంది. అట్టు సంగతి: పాలతాలికలను తలచుకుంటూ తిన్నాను. సగం దాకా బాగుంది. మిగతా సగం చల్లారాక మాత్రం ఇంకా నా వల్ల కాలేదు.

మూడో విడతలో దోహ్వా, కంపు పన్నీరు. పాతబజారు గారూ, మీరు ఇంగువ పేరు చెప్పి నన్ను ముగ్గులోకి దించారు. పళ్ళెం వంటింటి తలుపు దాటగానే మా అమ్మాయి కుర్చీ దిగి అవతలి బల్ల దగ్గరికి పోయింది. పులిసిన గంజి పక్కన ఎండురొయ్యల బుట్ట పెట్టినట్టుంది వాసన. అయినా మీరు చెప్పిన క్యాబేజీతో కలిపి నాలుగు ముక్కలు తిన్నాను, నాలుగోది ఇష్టంగానే తిన్నాను. అయిదోది తినమని ఎవరూ అడగలేదు. ముత్యాల టీ సగం తీపితో చెప్పాము. అది చూసి మా ఆవిడ, ఇది మన సగ్గుబియ్యం పాయసానికి దిష్టిచుక్క పెట్టినట్టుంది అంది.

లేచేటప్పుడు, ఆదివారం ఉండలు ఇంటికి తీసుకుపోవచ్చా అని మా ఆవిడ అడిగింది. పది నిమిషాలు దాటితే మెత్తబడతాయి, ఇక్కడికే వచ్చి తినండి అని పెద్దాయన చెప్పి, ఆర్డరు కాగితాల కట్టలోంచి ఒకటి తీసి, పైన చైనీస్ లిపిలో ఏదో రాసి ఆవిడ చేతికి ఇచ్చారు. ఈసారి దీన్ని చూపిస్తే చాలట. ఇంటికి వచ్చి మా తైపే మిత్రుడికి ఫొటో పంపితే చదివి చెప్పాడు: ‘సూ, గుడ్డు వద్దు, ఎముక చారు వద్దు, ఉల్లి ఫరవాలేదు.’